మూడో లెమ్మా

నవంబరు 6, బుధవారం

జనని ఇవాళ మళ్ళీ వచ్చింది. ప్రోగ్రాం ఆగడం లేదట.

"నిన్న మధ్యాన్నం వేసింది సార్. ఇప్పటిదాకా తిరగతానే ఉండాది. యాడ తప్పు చేసినానో తెలీడం లేదు," అంది.

నా దగ్గర పీహెచ్‌డీలో చేరి అయిదేళ్లు కావస్తోంది. మార్చి 31తో గడువు ముగుస్తుంది. ఆలోపల నా సంతకంతో థీసిస్ ఆఫీసులో పడకపోతే అయిదేళ్లూ గంగలో కలిసినట్టే. ఆ మాట గుర్తు చేస్తే తల ఊపింది. తప్పు తనదేనని తనే అంటోంది కాబట్టి పెద్దగా కోప్పడలేదు. నా పద్ధతి వచ్చి పదిహేనేళ్లయింది, ఆగకుండా తిరగడమనేది దానికి తెలియదు, నీ కోడ్ చూసుకోమ్మా అన్నాను.

అసలు గొడవంతా ఆ ఐస్ లెక్కతో వచ్చింది. వాళ్ల నాన్న దామోదరం తేంగాయితిట్టు హార్బరు దగ్గర ఐస్ ప్లాంటులో సూపర్‌వైజరు. ఆ రోజు ప్లాంటులో ఎన్ని ఐస్ బార్లు తయారైతే అన్నిటినీ బోట్లకు పంచాలి, ఏ బోటుకూ మరీ తక్కువ కాకూడదు, బార్ల సంఖ్య మారేకొద్దీ పంపకం ఎలా మారుతుందో మొదటి నుంచి చివరి దాకా చెప్పాలి. ఇదీ ఆవిడ ఎంచుకున్న ఉదాహరణ. లోకమంతా కంప్యూటర్ చేత ఏవో అంకెలు వేయించుకుని పరీక్షలు చేసుకుంటుంటే ఈ పిల్లకు చేపల వాసన కావాల్సి వచ్చింది.

సాయంకాలం కాఫీ తెచ్చిన మంగళ ఈ నోటుబుక్కును తిప్పి చూసి మళ్ళీ బల్ల మీద పెట్టేసింది. మా ఇంట్లో అందరం మాట్లాడేది తెలుగే, చదవడం నాకొక్కడికే వచ్చు. మా తాత చెవి మెలిపెట్టి నేర్పించాడు. ఆయన పుణ్యమా అని నా ఇంట్లో నా మాటలకు తాళం అక్కర్లేదు.

నవంబరు 8

టాలరెన్స్, అంటే లెక్కలో ఎంత తేడాను సరేననుకోవాలో ఆ హద్దు, మార్చి చూడమన్నాను. తొంభై పాళ్లు అదే అయి ఉంటుంది.

నవంబరు 12

అది కాదు.

నా దగ్గర ఒక నియమం ఉంది. ఏ లెక్కయినా సరే, దాన్ని రెండు చలరాశులకు కుదించి, గ్రాఫ్ కాగితం మీద చేత్తో చేసి చూపించందే కంప్యూటర్ ముట్టుకోకూడదు. పాతికేళ్లుగా పిల్లలు ఈ నియమాన్ని తిట్టుకుంటూనే ఉన్నారు. జనని ఒక్కతే తిట్టుకోకుండా పాటించింది. ఇవాళ ఆ గ్రాఫ్ కాగితం పట్టుకొచ్చి నా ముందు పరిచింది.

రెండు బోట్లు. ఒక్కోదానికి ఇరవై బార్లకు మించి పట్టవు. ఆ రెండింటికీ ఐస్ మోసే వ్యానుకు నలభై పడతాయి. కాగితం మీద ఒక నిలువు గీత, ఒక అడ్డగీత, ఒక ఏటవాలు గీత. మూడూ ఒకే చుక్క దగ్గర కలిశాయి.

"ఈడ సార్," అని పెన్సిల్ పెట్టింది. "ఈడికి వచ్చినాక ప్రోగ్రాం వేసే అడుగు సున్నా అయిపోతాది. మొదటి గీతను వదిలేసి మూడోదాన్ని పట్టుకుంటాది. ఆమీద రెండోదాన్ని వదిలి మొదటిదాన్ని. ఆమీద మూడోదాన్ని వదిలి రెండోదాన్ని. మళ్ళా మొదటికే వచ్చేసినాం. నాలుగు తూర్లు రాసి చూసినా. చుక్క కదలనే లేదు."

"ఇరవై, ఇరవై, నలభై! ఇంత సరిగ్గా కుదిరే అంకెలు ఎవరు వేసుకోమన్నారు నిన్ను?"

"ఎవురూ కాదు సార్. వ్యానే అంత. రెండు బోట్ల సరుకు పట్టేట్టు చూసి చేయించినారు."

కాగితం ఉంచి వెళ్లమన్నాను. ఎక్కడో కూడికలో పొరపాటు జరిగి ఉంటుంది.

నవంబరు 13

ఏడు పేజీలు చేశాను. కూడికలో పొరపాటు లేదు.

నవంబరు 14

పెళ్లయిన కొత్తలో మంగళ ఒకసారి అడిగింది, మీరు చేసేది ఏంది అని. ఒక గిన్నె, అందులో ఒక గోలీ అని చెప్పాను. గోలీ ఎప్పుడూ అడుక్కే పోవాలని చూస్తుంది. గిన్నెలో అక్కడక్కడ రేకులు అడ్డం పెట్టాం. ఒక రేకును మెల్లగా జరుపుతూ పోతే గోలీ కూడా జరుగుతుంది, కాసేపు ఒక రేకును ఆనుకుని నేరుగా పోతుంది, ఇంకో రేకు తగలగానే దారి మార్చుకుంటుంది. రేకు ఎంత జరిగితే గోలీ ఎక్కడ ఉంటుందో, ప్రతిసారీ మొదటి నుంచి వెతుక్కోకుండా ఒకే ఊపులో చెప్పేయడం నా పని. మంగళ అంతా విని "చెప్తే?" అంది. ఆ తర్వాత ఇరవై ఎనిమిదేళ్లలో మళ్ళీ అడగలేదు.

చెప్తే, ఒక పుస్తకంలో 214వ పేజీ అడుగున చిన్న అక్షరాల్లో "నరేంద్రన్ పద్ధతి" అని పడుతుంది. ఆ పేజీ జిరాక్స్ నా బీరువాలో ఉంది. అసోసియేట్ ప్రొఫెసర్‌గానే రిటైర్ కాబోతున్న మనిషికి ఆ ఒక్క పేజీ మిగిలింది. అది తీసుకోవడానికి ఎవరికీ హక్కు లేదు.

నవంబరు 19

2009లో నాలుగు వేల లెక్కల మీద ఆ పద్ధతిని పరీక్షించాను. నాలుగు వేలు. ఒక్కటి కూడా చిక్కుకోలేదు. పేపర్లో పట్టిక కూడా వేశాను. ఇది రాసి పెట్టుకోవాలి, ఎందుకంటే ఈ వారం రోజులుగా నేనే మోసగాడినన్నట్టు నాలో నేను కుమిలిపోతున్నాను. నాలుగు వేల లెక్కలు అబద్ధం చెప్పవు.

మధ్యాహ్నం క్లాసులో ఉండగా తట్టింది. ఆ నాలుగు వేల లెక్కల్లోని అంకెలన్నీ కంప్యూటర్ తోచినట్టు వేసినవి. ఒక బోటుకు 19.3718, ఇంకోదానికి 22.0461, వ్యానుకు 38.9957. అలాంటి అంకెల్లో మూడు గీతలు ఒక చుక్క దగ్గర కలవాలంటే సృష్టి ముగిసిపోవాలి. ఇరవైకి ఇరవై కలిపి నలభై పట్టే వ్యాను చేయించేది మనుషులు మాత్రమే. బీరువాలో అరలు, బస్సులో సీట్లు, సంచిలో కిలోలు, మనుషులు ముట్టుకున్నవన్నీ ఒకదానికొకటి సరిపోయేట్టుగానే ఉంటాయి. నా పద్ధతికి పనికిరానిది మనుషుల లెక్క ఒక్కటే. బోర్డు మీద సగం రాసిన సమీకరణం వదిలేసి నీళ్లు తాగి వస్తానని బయటకు వచ్చేశాను.

నవంబరు 25

జననికి దారి చూపించాను. థీసిస్‌లో ఒక వాక్యం చేరిస్తే చాలు: "కావాల్సినవాటికి మించి గీతలు ఒకే చోట కలవవని అనుకుందాం." అందరూ అలా రాస్తారు. పరీక్షకులు ఆ వాక్యాన్ని చూడను కూడా చూడరు.

"అట్ల అనుకుంటే మా నాయన వ్యాను ఈ కణక్కులోకే రాదు కదా సార్," అంది. లెక్కను వాళ్లింట్లో కణక్కు అనే అంటారు.

"వ్యాను రాకపోతే ఏమ్మా? థీసిస్ వస్తుంది."

"ఆ వ్యాను కోసమే కదా సార్ నేను ఈ పనికి వచ్చింది."

ఎదురు చెప్పడం నేర్చుకుంది. నేనే నేర్పాను, ఒప్పుకుంటాను. నమ్మకం కుదరందే తల ఊపొద్దని మొదటి ఏడాది పదే పదే చెప్పిన మాట. చెప్పేటప్పుడు అది నా మీదకే వస్తుందని ఎవడికి తెలుసు.

డిసెంబరు 2

తుఫాను. రెండు రోజులుగా ఇంటి ముందు మోకాలి లోతు నీళ్లు. కరెంటు లేదు, ఫోను లేదు. హార్బరు వైపు బోట్లు ఒకదాని మీద ఒకటి ఎక్కాయని పక్కింటి కుప్పుస్వామి గారు వచ్చి చెప్పారు. ఐస్ ప్లాంటు కూడా మునిగిందట.

హమ్మయ్య, జనని రాలేదు కదా అనుకున్నాను మొదట. ఆ తర్వాతే వాళ్ల ఇల్లు ఏమైందో అన్న ఆలోచన వచ్చింది. ఈ రెండూ ఏ వరుసలో వచ్చాయో ఇక్కడ రాయకపోతే ఇంకెక్కడా రాయను.

డిసెంబరు 9

వచ్చింది. ఇల్లు బాగానే ఉందట, ప్లాంటులో మోటార్లు కాలిపోయాయట. కరెంటు లేని ఆ నాలుగు రోజులు ఏం తోచక కాగితం మీద రాస్తూ కూర్చుందట. నాలుగు పేజీలు నా చేతికిచ్చింది.

గీతలన్నీ ఒక చోట కలిసినప్పుడు నా పద్ధతి ఒక్కోదాన్ని వదిలి ఒక్కోదాన్ని పట్టుకుంటుంది, అందుకే గిరగిర తిరుగుతుంది. జనని అక్కడ ఆగి, ఆ చుక్క దగ్గరే ఒక చిన్న లెక్క వేరుగా వేసి, ఇక ముందుకు పోవడానికి ఏ ఏ గీతలు కావాలో అన్నీ ఒకేసారి తేల్చేస్తుంది. తేలిన వెంటనే చుక్క కదులుతుంది. ఎప్పుడూ కదులుతుందని నిరూపణ కూడా రాసింది. పదకొండు వరుసలు. తప్పు కోసం మూడుసార్లు చదివాను. మూడోసారి తప్పు కోసం కాదు, బాగుందని చదివాను.

ఇంత చిన్న విషయం నాకెందుకు తట్టలేదని ఏడుపొచ్చింది. అసూయ అంటే ఎలా ఉంటుందో నాకు ముందే తెలుసు, ప్రొఫెసర్లయిన నా తోటివాళ్ల మీద ఎన్నోసార్లు పడ్డాను. ఇరవై తొమ్మిదేళ్ల పిల్ల మీద, నేను చెయ్యి పట్టి రాయించిన పిల్ల మీద పడతానని మాత్రం అనుకోలేదు.

ఆ పేజీల్లో మొదటి వాక్యం ఇది: "నరేంద్రన్ పేపర్లోని మూడో లెమ్మా నిరూపణ తప్పు." లెమ్మా అంటే అసలు సిద్ధాంతానికి మెట్టుగా ముందు నిరూపించుకునే చిన్న సిద్ధాంతం; మూడో మెట్టు విరిగితే నా పద్ధతి నిలవదు.

"ఈ వాక్యం కొంచెం మెత్తగా రాయమ్మా," అన్నాను.

"తప్పు అనే మాటకు మెత్తటి మాట ఏంది సార్?"

చూసి చెప్తానని కాగితాలు సొరుగులో పెట్టాను.

డిసెంబరు 10

మధ్యాహ్నం భోజనం దగ్గర మంగళ పట్టేసింది.

"అన్నం ముందర కూర్చోని ఏంది అట్ల చూస్తా ఉండారు? పులుసు బాలేదా?"

నా పాత పేపర్లో ఒక స్టూడెంటు తప్పు పట్టిందని చెప్పాను.

"తప్పు ఉండాదా?"

"ఉండొచ్చు."

"ఉంటే ఉండాదని చెప్పేస్తే సరిపాయె. ఉద్యోగం పీకేస్తారా ఏంది?"

"పేరు పోతుంది."

"ఎవురి కాడ?"

ఎగతాళికి అడగలేదు, తెలుసుకుందామనే అడిగింది. జవాబు వెతికాను. ప్రపంచం మొత్తం మీద నా పేరు తెలిసినవాళ్లు నలభై మంది ఉంటారేమో. వాళ్లలో నా ముఖం చూసినవాళ్లు అయిదారుగురు. ఆ నలభై మంది కోసం నేను పులుసు చల్లారబెట్టుకుంటున్నాను. పెరుగు వేయమన్నాను.

డిసెంబరు 27

ఆ నాలుగు పేజీలు ఇంకా చూడలేదని జననికి చెప్పాను. సెలవులు కదా.

జనవరి 6

జనని థీసిస్ నాలుగో అధ్యాయం తిరిగి ఇచ్చాను, సవరణలతో. కామాలు పదహారు, చుక్కలు నాలుగు, ఒక చోట ఏకవచనం బదులు బహువచనం. లెక్క జోలికి పోలేదు. ఇంగ్లీషు శుభ్రంగా లేకపోతే విదేశీ పరీక్షకులు మొదటి పేజీలోనే విసిరి కొడతారు. ఇది ఆమె మంచికే.

జనవరి 13

మళ్ళీ సవరణలు. ఆమె మంచికే.

జనవరి 21

ఇవాళ్టి సంగతి మొత్తం రాయాలి.

తన పద్ధతినీ నా పద్ధతినీ పక్కపక్కన నడిపించి చూడటానికి 2009 నాటి అసలు ప్రోగ్రాం కావాలని పోయిన వారం అడిగింది. వెతికి నేనే పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చాను. అంత నీటుగా రాసిన కోడ్ ఈ కాలపు పిల్లలు చూడాలి అనిపించింది. సిగ్గులేని గర్వం.

ఇవాళ పదకొండింటికి వచ్చి ల్యాప్‌టాప్ నా వైపు తిప్పింది.

"ఈ ఒక్క వరుస ఎందుకు వేసినారు సార్?"

గీతలన్నీ లోపలికి తీసుకున్న వెంటనే, లెక్క మొదలవకముందు, ఒక్కో గీతనూ కంటికి కనపడనంత, ఒక్కోదాన్ని ఒక్కో రకంగా పక్కకు జరిపే వరుస అది. దాని మీద ఏ వివరణా లేదు. మిగతా కోడ్ అంతటా వరుసకొక వివరణ రాసిన పెద్దమనిషి అక్కడ మాత్రం ఏమీ రాయలేదు.

"అప్పటి కంప్యూటర్లకు అవసరం అయ్యేదిలే," అన్నాను.

ఆమె నా ముఖం చూసింది. కొంచెం సేపే. "సరి సార్," అని ల్యాప్‌టాప్ మూసుకుంది. అప్పటి కంప్యూటర్లకు అలాంటి అవసరం ఏదీ లేదని నాకు తెలుసు, తనకూ తెలుసు.

ఇక ఇక్కడ కూడా అబద్ధం రాస్తే ఈ నోటుబుక్కు ఎందుకు. 2009 జూన్‌లో నా ప్రోగ్రాం ఒకసారి చిక్కుకుంది. ఒక పాత పాఠ్యపుస్తకంలోని లెక్క, చిన్న చిన్న పూర్ణాంకాలది. గంటసేపు తిరుగుతూనే ఉంది. ఎందుకో నాకు అర్థమైంది కూడా. అర్థమైన అరగంటలో ఆ వరుస చేర్చాను. అంకెలన్నీ రవ్వంత చెదిరాయి, గీతలు కలవడం మానేశాయి, ప్రోగ్రాం ఆగింది. ఆ వరుస గురించి పేపర్లో ఒక్క ముక్క రాయలేదు. మూడో లెమ్మాలో "ప్రతి అడుగూ సున్నా కంటే పెద్దదన్నది స్పష్టమే" అని రాశాను. నిరూపించడం చేతకాని చోట మా వాళ్లు వాడే మాట అది. అప్పుడు నాకు నలభై ఒకటి. ఆ ఏడాది పేపరు పడకపోతే ప్రమోషన్ ఉండదన్నారు. పేపరు పడింది, ప్రమోషన్ ఎలాగూ రాలేదు.

జనని తప్పు కనిపెట్టింది అని ఇన్నాళ్లూ రాస్తూ వచ్చాను. కాదు. నేను దాచిపెట్టినదాన్ని బయటికి తీసింది.

జనవరి 22

చెప్పేయాలి. రేపు పిలిచి చెప్పేస్తాను.

జనవరి 23

డిపార్ట్‌మెంట్ మీటింగు వచ్చిపడింది.

ఫిబ్రవరి 11

ఈ మధ్య జనని ఏమీ అడగడం లేదు. కామాలు దిద్ది ఇస్తే దిద్దుకుని వస్తోంది. నా వైపు నుంచి కూడా పని సాఫీగా సాగుతోంది.

మార్చి 24

థీసిస్ బైండు చేయించుకుని వచ్చింది. అయిదు ప్రతులు. సంతకానికి ఇంకా వారం ఉంది. ఇవాళ కాదు, చదివి పెడతానన్నాను. ఆమె నిలబడే ఉంది.

"నాలుగో అధ్యాయం మొదటి పేజీ చాలు సార్. అది చదవండి," అంది.

చదివాను. "మూడో లెమ్మాకు గీతలు ఒకే చోట కలవకూడదన్న నియమం అవసరమని ప్రొఫెసర్ నరేంద్రన్ గారే మా చర్చల్లో గుర్తించారు. ఆయన సూచన మేరకు ఈ కింది పద్ధతిని రూపొందించడమైనది."

నా పేరు ముందు ఎవరూ ఎన్నడూ ప్రొఫెసర్ అని రాయలేదు.

"ఇది నేను చెప్పలేదే," అన్నాను.

"చెప్పలేదు సార్."

"మరి?"

"తప్పు అని రాసింది డిసెంబరు నుంచి మీ సొరుగులో పడి ఉండాది. ఇంకా ఏడు దినాలు ఉండాయి సార్. ఇట్ల రాస్తే మీరు సంతకం పెడతారు. ఇంకో దారి ఉండాదేమోనని బాగా చూసినా. లేదు."

కోపంగా చెప్పలేదు. ఏడవలేదు కూడా. గ్రాఫ్ కాగితం మీద చుక్క చూపించినప్పుడు ఎలా మాట్లాడిందో అలాగే మాట్లాడింది. నేను ఎలాంటివాడినో లెక్క కట్టి, నా దగ్గర దేనికి ఎంత చోటు ఉందో చూసుకుని, తను ఏది వదులుకోవాలో తేల్చుకుని వచ్చింది.

వద్దమ్మా, మొదటి వాక్యమే ఉండనీ, సంతకం పెడతాను అని అనొచ్చు. బైండింగు విప్పి మళ్ళీ వేయించడానికి ఒక్క పూట చాలు. నా పెన్ను టోపీ తీసి ఉంది.

పెట్టాను. అయిదు ప్రతుల మీదా.

మార్చి 25

రెండు రోజులు పోయాక ఆ పేజీ మార్పించవచ్చు. 31 దాకా టైముంది.

ఏప్రిల్ 1

నిన్నటితో గడువు అయిపోయింది.

జులై 10, గురువారం

వైవా. చెన్నై నుంచి నటేశన్ గారు వచ్చారు. ఈ రంగంలో ఆయన మాటకు తిరుగులేదు. సెమినార్ హాలు నిండింది. వెనక వరుసలో దామోదరం, ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

జనని బాగా చెప్పింది. తేంగాయితిట్టు, బోట్లు, వ్యాను, ఇరవై, ఇరవై, నలభై. మూడు గీతలు ఒకచోట కలిసిన బొమ్మ తెర మీద పడగానే నటేశన్ గారు ముందుకు వంగారు. అంతా అయ్యాక ఒకే ప్రశ్న వేశారు, ఇంగ్లీషులో.

"పదిహేనేళ్లుగా అందరం ఈ లెమ్మాను నమ్మాం. నేను కూడా పాఠం చెప్పాను. ఇందులో ఈ లోపం ఉందని మొదట చూసిందెవరు?"

జనని నా వైపు తిరిగింది. రెండు క్షణాలో మూడు క్షణాలో ఆగింది. ఆ కాసేపు నాకోసమే ఆగిందని నాకు తెలుసు. నోట్లో మాట తయారుగా ఉంది, "ఆ అమ్మాయే" అని రెండు ముక్కలు. ముందున్న నీళ్ల సీసా మూత తిప్పుతూ కూర్చున్నాను.

"మా సారే," అంది.

నటేశన్ గారు లేచి నిలబడ్డారు. తన సిద్ధాంతంలో తనే కన్నం కనిపెట్టి, దాన్ని దాచుకోకుండా శిష్యురాలి చేతికి ఇచ్చే గురువును తన ముప్పై అయిదేళ్ల సర్వీసులో చూడలేదన్నారు. ఇంకొకరైతే దాచిపెట్టేవాళ్లు అన్నారు. చప్పట్లు కొట్టారు. అందరూ కొట్టారు. జనని కూడా కొట్టింది.

లేచి నమస్కారం పెట్టాను.

బయట దామోదరం వచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. "మీరు లేకుంటే మా పాపకు ఈ కణక్కు యాడ దొరికేది సార్? మా ఐస్‌లో ఇంత చదువుండాదని నాకేం తెలుసు," అన్నాడు. అతని చేతులు చల్లగా ఉన్నాయి. జనని నాలుగడుగుల దూరంలో నిలబడి ఎవరికో స్వీటు ఇస్తోంది. ఇటు చూడలేదు.

ఇవాళ నన్ను నేను అసహ్యించుకుంటున్నాను. ఇది మాత్రం ఏ వంకా లేని మాట.

ఆగస్టు 5

నటేశన్ గారి మెయిల్. ఆ దిద్దుబాటును నా పేరుతో పత్రికకు పంపాలట, మూల రచయితే సవరించుకుంటే అందంగా ఉంటుందట. జనని పేరు కూడా వేయాలా అని అడుగుదామనుకున్నాను. అడిగితే ఎందుకని అడుగుతారు.

ఆగస్టు 19

పంపాను. నాలుగు పేజీలు. చివర "గణనల్లో సహాయపడినందుకు కుమారి జననికి కృతజ్ఞతలు" అని వేశాను. ఉద్యోగాల వేటలో ఉన్న పిల్లను ఈ పనితో ఇబ్బంది పెట్టడం ఎందుకని అడగలేదు.

సెప్టెంబరు 30

అచ్చయింది. ఇప్పుడు లోకంలో నా పేరు తెలిసినవాళ్లు అరవై మంది ఉంటారు. నిజాయితీపరుడని ముగ్గురు మెయిల్ రాశారు.

అక్టోబరు 16

బెంగళూరులో ఒక పరిశోధన సంస్థ జననిని ఇంటర్వ్యూకు ఎంచిందట. ఒకే ఉద్యోగం, ముగ్గురు మిగిలారు. గైడుగా నా సిఫారసు కావాలని వాళ్లు నేరుగా నాకే లింకు పంపారు. నిన్న రాత్రి జనని ఫోన్ చేసింది. జులై తర్వాత ఇదే మొదటిసారి.

"కొంజం తొందరగా పంపించండి సార్. రేపటితో మూసేస్తారంట," అంది. అంతే. ఇంకేమీ అడగలేదు.

ఇవాళ పొద్దున కాలేజీకి పోగానే తెరిచాను. మూడు ప్రశ్నలు. మొదటిది, ఎన్నేళ్లుగా తెలుసు. మూడోది, ఎంత బలంగా సిఫారసు చేస్తారు. రెండోది: "ఈ అభ్యర్థి స్వయంగా కనిపెట్టినదేమిటి? మీ మాటల్లో వివరించండి."

కింద ఖాళీ పెట్టె. రెండు వేల అక్షరాల దాకా రాయొచ్చట.

ఆ నాలుగు పేజీలూ, ఆ పదకొండు వరుసలూ నాకు కంఠతా వచ్చు. రాయడం మొదలుపెట్టాను. సగం రాశాక గుర్తొచ్చింది. ఆ కమిటీలో ఎవరో ఒకరు నా దిద్దుబాటు చదివే ఉంటారు. చదవకపోతే ఇప్పుడు చదువుతారు. నాది అని అచ్చులో ఉన్నదాన్ని ఆమెది అని ఎలా రాయను? రాస్తే ఒకటి అబద్ధమవుతుంది, ఏది అబద్ధమో వాళ్లకు తెలుసుకోవడం ఎంతసేపు. రాసినది చెరిపేశాను.

ఖాళీగా వదిలితే అసలే బాగుండదు. ఫస్ట్ పీరియడ్ బెల్లు కొట్టారు. పోలేదు. సెకండ్ పీరియడ్ బెల్లు కొట్టారు. చివరికి ఇలా రాశాను: "చెప్పిన పనిని శ్రద్ధగా చేస్తుంది. గణనల్లో చురుకైనది. సూచనలను విధేయతతో పాటిస్తుంది."

మూడో ప్రశ్నకు అన్నిటికంటే పైనున్న గడిలో టిక్కు పెట్టాను. అక్షర దోషాలు ఉన్నాయేమో అని రెండుసార్లు చదివి పంపించాను.

లేఖ అందినట్టు వాళ్లు జననికి కూడా మెయిల్ పంపుతారు కాబోలు. అయిదు నిమిషాల్లో ఫోనులో మెసేజ్ వచ్చింది, ఎప్పటిలాగే ఇంగ్లీషు అక్షరాల్లో మన మాటలు: "పంపించినారంట సార్. రొంబ థ్యాంక్స్."